నీళ్ళు తాగిన రాయి

మొన్న మా నాన్న పోయినప్పుడు, కృష్ణ ఒడ్డున కార్యక్రమం మొదలుపెట్టే ముందు పురోహితుడుగారు సంచీలోంచి ఒక గుండ్రటి రాయి తీసి మా తమ్ముడి చేతిలో పెట్టారు. "రాయి నేనే తెచ్చానండి. ఇటువైపు వెతికితే దొరకదు. పదోరోజు నీళ్ళల్లో వదిలేదాకా నాన్నగారు ఇందులోనే ఉంటారు, జాగ్రత్త," అన్నారు.

తమ్ముడితో పాటు నేనూ ఒక చెయ్యి వేశాను. రాయి తగలగానే నా బొటనవేలు దానంతటదే రాసి చూసింది. చల్లగా, నున్నగా, బరువుగా ఉంది. ఒక పక్కన సన్నటి పసుపు జీర. "పలుగురాయి," అన్నాను పైకే. పురోహితుడుగారు కళ్ళజోడు సర్దుకుని నా వంక చూశారు. ఏడవాల్సిన చోట రాయికి పేరు చెప్పే కూతుర్ని ఆయన అంతకుముందు చూసి ఉండరు.

ఏడుపు నాకు ఆసుపత్రిలోనే అయిపోయింది. ఆఖరి రెండురోజులూ నాన్న నీళ్ళు నీళ్ళు అని సైగ చేశారు. గొంతులో గొట్టాలుండగా నీళ్ళు ఇవ్వకూడదు. దూది తడిపి పెదాలకి అద్దడం తప్ప నేనేమీ చెయ్యలేకపోయాను. ఆ రాయి మీద తమ్ముడు నువ్వులూ నీళ్ళూ వదులుతుంటే, నాకు మా పక్కింటి మాస్టారూ, ఆయన ఇత్తడి భరిణా గుర్తుకొచ్చాయి.

మాది చల్లపల్లి నుంచి అవనిగడ్డ వెళ్ళే బస్సు ఆగే ఒక పల్లె. మా నేలలో రాయి పుట్టదు. ఎంత తవ్వినా నల్లమట్టి, దానికింద ఇసక, ఆ కింద ఉప్పునీళ్ళు. మామిడికాయ కొట్టాలన్నా మట్టిబెడ్డే గతి. అది కొమ్మకి తగిలి పొడైపోయి మన కళ్ళలోనే పడేది. మా ఊరి కుక్కలు సైతం మనిషి నేలకి వంగితే భయపడేవి కావు. ఏదైనా జరగని పని గురించి చెప్పాలంటే మా నాన్న "మనూళ్ళో రాయి దొరికినంత సులువు" అనేవారు.

రాళ్ళు మాకు ఇసకతో వచ్చేవి. తాటాకిళ్ళూ పెంకుటిళ్ళూ పోయి శ్లాబు ఇళ్ళు లేస్తున్న రోజులవి. రొయ్యల చెరువులు కలిసొచ్చినవాళ్ళు ఒకరిని చూసి ఒకరు మేడలు మొదలుపెట్టేవారు. ఎగువ నుంచి ఇసక లారీ వచ్చి వీధిలో దిగిందంటే ఆ తడివాసనకే మాకు కాలు నిలిచేది కాదు. కూలికొచ్చిన ఆడవాళ్ళు జల్లెడ పట్టి, మిగిలిన గులకరాళ్ళు పక్కకి పోసేవారు. మేస్త్రీ "పొండర్రా" అని అరుస్తున్నా ఆ కుప్ప మీద పడేవాళ్ళం. మగపిల్లలకి ఉండేలుబద్దలోకి, మాకు అచ్చంగాయలకి. ఒకటి పైకెగరేసి, అది కిందపడేలోగా తక్కిన నాలుగూ ఊడ్చి పట్టుకునే ఆటకి ఉసిరికాయంత గుండ్రటి రాళ్ళు ఐదు కావాలి. ఐదూ ఒకే తీరువి దొరికిన పిల్ల ఆ వేసవికి మహారాణి.

ఆ కుప్ప దగ్గరకి మాతో పోటీగా వచ్చే పెద్దమనిషి ఒక్కరే, మాస్టారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. పంచె మోకాళ్ళ మీదికి దోపి, మా మధ్య గొంతుక్కూర్చుని ఏరేవారు. ఏరినవన్నీ కోడిగుడ్ల అట్టల్లో, ఒక్కో గుంటలో ఒక్కోటి పెట్టేవారు. ఉల్లిపాయ కూడా గడప దాటని ఆ ఇంటికి కోడిగుడ్ల అట్టలు తేవడం మామ్మగారికి, అంటే మాస్టారి భార్యకి, తలకొట్టేసినట్టుండేది. "ఆ దరిద్రం అరుగు మీదే ఉండాలి, లోపలికొస్తే నేను బయటికి పోతాను," అనేవారు. అందుకని ఆ రాళ్ళన్నీ అరుగు మీదే కాపరం ఉండేవి.

నేను అక్కడికి మొదట వెళ్ళింది రాళ్ళ కోసం కాదు, మాగాయ టెంక కోసం. ఎండాకాలం మామ్మగారి డాబా మీద మాగాయ ముక్కలు ఎండుతుంటే ఆ పులుపు వాసనకి నోరూరేది. టెంక చీకుతూ అరుగు మీద కూర్చున్నదాన్ని చూసి మాస్టారు ఒక రాయి నా చేతిలో పెట్టారు.

"ఏం రాయి ఇది?"

"ఎర్రరాయండి."

"రంగు చెప్పమన్లేదు. రంగు వేషం. ముందు తాకు. బరువు చూడు. ఎండకి పట్టు. నాలిక్కి తగిలించు. పేరు తర్వాత."

"పిల్లచేత రాళ్ళు నాకిస్తున్నారా?" అని లోపల్నుంచి మామ్మగారు. "ముప్ఫయ్యేళ్ళు ఇదే పాఠం చెప్పారు. ఒక్కడు బాగుపడ్డాడేమో అడగవే."

ఆ వేసవంతా నేను నాకాను. పగిలిన కిటికీ అద్దం ముక్క మీద గీస్తే గీత పడేది పలుగురాయి. అలాంటివి రెండు తీసుకుని చీకటిగా ఉండే కొట్టుగదిలో తలుపేసుకుని ఒకదానితో ఒకటి రాస్తే లోపల్నుంచి వెలుగొచ్చేది, కాలిన వాసనొచ్చేది. పాత పింగాణీ కప్పు అడుగున గరుకుచోట రాస్తే ఎర్రగా గీత దిగేది జేగురు. అదే ఎరుపున్నా, గీత దిగకుండా కప్పునే గీరేది ఎర్ర చెకుముకి. బల్లపరుపుగా బూడిదరంగులో ఉండేది నాపరాయి. దాన్ని గీరి, ఆ పొడి మీద నిమ్మరసం పిండి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చుర్రుమనేది. మెరిసి మోసం చేసేది కాకిబంగారం. ఎండకి పడితే లోపల వలయాలు కనిపించేదాన్ని అకీకు అన్నారు. "ఇది పడమటి కొండల్లో పుట్టింది. కృష్ణ దొర్లించుకుంటూ దొర్లించుకుంటూ మనదాకా తెచ్చింది. మూలలన్నీ దారిలోనే అరిగిపోయాయి," అని చెప్పి మాస్టారు దాన్ని జాగ్రత్తగా గుంటలో పెట్టారు.

ఒక్క రాయి మాత్రం అరుగు మీద ఉండేది కాదు. నడవ గూట్లో, ఇత్తడి భరిణలో, తెల్లగుడ్డలో చుట్టి ఉండేది. ఒకసారి ఆయన గుడ్డ మారుస్తుంటే చూశాను. ఎర్రగా, ఒక్క మూల కూడా లేకుండా, సరిగ్గా ఉసిరికాయంత ఉంది.

"అదేం రాయి మాస్టారూ?"

"ఇది పరీక్షకి కాదమ్మా," అని మూత పెట్టేశారు. వంటింట్లో మామ్మగారు గిన్నె ఒకటి గట్టిగా కింద పెట్టారు.

పరీక్షకి కాదంటే అది అన్నిటికంటే గొప్ప ఎర్ర చెకుముకి అయ్యుంటుందని నాకు నేనే తేల్చుకున్నాను. ఆ వయసులో నేను తేల్చుకున్నవాటికి తిరుగుండేది కాదు.

మా వీధి చివర చేపల వ్యాపారం చేసే వాళ్ళమ్మాయి ఒకతె నా ఈడుది. అచ్చంగాయల్లో దాని చెయ్యి కనిపించేది కాదు, అంత వేగం. రోజూ ఓడిపోయి ఇంటికొచ్చేదాన్ని. నా ఐదింట్లో ఒకటి వంకరది, అందుకే ఓడిపోతున్నానని నా లెక్క. ఆడలేనమ్మ మద్దెల ఓడంది అనేది మా అమ్మ. ఒకరోజు మాస్టారు పోస్టాఫీసుకి వెళ్ళారు. మామ్మగారు డాబా మీద మాగాయ ముక్కలు తిరగేస్తున్నారు. నేను గూడు దగ్గర నిలబడ్డాను. ఒక్క పూటే కదా, మళ్ళీ పెట్టేస్తాను కదా అనుకుని తీసేశాను.

దాన్నంటుకున్న విభూతి పోవాలని పంపు కింద కడిగాను. కడిగింది కడిగినట్టే ఆరిపోయింది. తొలకరి పడ్డప్పుడు మట్టి వాసన ఉంటుందే, అలాంటి వాసన ఒకటి ముక్కుకి తగిలింది. అప్పుడు ఆగి ఆలోచించాల్సింది. ఆటకి టైమవుతోందని పరిగెత్తాను.

ఆరోజు మొదటిసారి గెలిచాను. ఆ రాయి తేలిక, చేతిలో పూవులా పడేది. గెలుపు నెత్తికెక్కి, "పందెం వేద్దామా? గెలిచినవాళ్ళకి రెండో వాళ్ళ ఐదూ," అన్నాను. అది నవ్వి సరేనంది. అరగంటలో నా ఐదూ ఊడ్చి పరికిణీ జేబులో వేసుకుంది. మర్నాడు పొద్దున్నే వాళ్ళ పెద్దమ్మగారి ఊరు, కృత్తివెన్ను వెళ్ళిపోయింది, రాళ్ళతో సహా.

మాస్టారికి రెండొందల రాళ్ళున్నాయి, ఒకటి పోతే ఏమవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్నాను గానీ అన్నం సయించలేదు.

మూడోరోజు అమావాస్య. తర్పణాలయ్యాక మాస్టారు ఆ భరిణ తెరుస్తారని నాకు తెలీదు. మా పెరట్లోకి ఆయన గొంతు వినిపించింది. అరవలేదు. అంతకంటే భయంగా, మెల్లిగా అడుగుతున్నారు. "పారేశావు కదూ? చెప్పు. ఎప్పుడు పారేశావు?"

"నేను ముట్టుకోలేదండీ."

"ఇన్నేళ్ళనుంచీ పారెయ్యమని నువ్వే అంటున్నావు."

"అన్నాను. అన్నంత మాత్రాన పారేస్తానా?"

ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు ఆగిపోయాయి. మాస్టారు అట్టలన్నీ బోర్లించి వెతికారు. మంచాల కింద వెతికారు. ఊడ్చిన చెత్తకుప్ప జల్లెడ పట్టారు. మజ్జిగ తప్ప ఏమీ పుచ్చుకోవడం లేదని మా అమ్మ నాన్నతో చెబుతుంటే విన్నాను. ఆ మర్నాడు ఇక ఉండబట్టలేక, మామ్మగారు పెరట్లో ఒక్కరే ఉన్నప్పుడు వెళ్ళి ఏడుస్తూ చెప్పేశాను.

కొడతారనుకున్నాను. ఆవిడ పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మీ మాస్టారికి ఒక తమ్ముడుండేవాడు. నేను కాపరానికొచ్చేసరికి వాడికి ఎనిమిదేళ్ళు, తల్లి లేదు. ఈ చేత్తో ముద్దలు పెట్టి పెంచాను. నన్ను వదినా అనేవాడు గానీ, అమ్మా అన్నట్టే ఉండేది. చదువై, సముద్రం పక్క ఊళ్ళో బళ్ళో ఉద్యోగం వచ్చింది. చేరిన నెల తిరక్కుండానే ఉప్పెన."

ఉప్పెన అంటే మా ఊళ్ళో ఎవరూ వివరం అడగరు. నేను పుట్టకముందు వచ్చింది. గోడ మీద నీళ్ళు ఎంతదాకా లేచాయో చేత్తో చూపించి ఊరుకునేవారు పెద్దవాళ్ళు.

"మనిషి దొరకలేదు. దర్భలతో మనిషిని చేసి తగలేశారు. ఒక రాయి పెట్టి పదిరోజులూ నీళ్ళొదిలారు. పదోరోజు దాన్ని కృష్ణలో వదిలెయ్యాలి. ఈయన మట్టిబెడ్డేదో నీళ్ళల్లో పడేసి, ఆ రాయిని కొంగులో పసిపిల్లలా ఉత్తరీయంలో చుట్టుకుని ఇంటికి తెచ్చేశారు. ఎందుకని ఎన్నిసార్లడిగినా చెప్పరు. వాణ్ణి దారి మధ్యలో నిలబెట్టేశారే. ఇటు రాలేడు, అటు పోలేడు."

చచ్చిపోయినాయన్ని నేను ఎగరేసి పట్టుకున్నాను. పందెంలో పెట్టాను.

"దాన్ని మళ్ళీ తెస్తానండీ, వాళ్ళొచ్చాక."

"తేకు," అన్నారు మామ్మగారు. "నేనే పారేశాననుకోనీ. ఆ మాట నేను పడతాను. పోయిన రాయి పోయింది. వాడికి ఇలాగైనా దారి దొరుకుతుందేమో. నువ్వు నోరు మెదపకు."

పెద్దవాళ్ళు నిజం చెప్పమని కొడతారు గానీ, చెప్పొద్దని బతిమాలడం నాకు అదే మొదలు. వారంరోజులు ఆ మాట మోశాను. అరుగు మీద మాస్టారు ఖాళీ భరిణ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. నన్ను చూస్తే "రా అమ్మా" అనేవారు గానీ చేతికి రాయి ఇచ్చేవారు కాదు. మామ్మగారు ఆయన ముందు కంచం పెట్టి, ముట్టకుండా వదిలేస్తే తీసి, తనూ తినకుండా పెరట్లోకి వెళ్ళేవారు. ఇద్దరిలో ఎవరి పక్షం ఉండాలో నాకు తేలలేదు. కానీ ఆవిడ చెయ్యని తప్పుకి ఆవిడ ముఖం చూడకుండా ఆయన కూర్చోవడం మాత్రం నేను చూడలేకపోయాను.

ఆ చేపలవాళ్ళమ్మాయి కృత్తివెన్ను నుంచి తిరిగొచ్చిన రోజు బస్సు దగ్గరే పట్టుకున్నాను. సంగతి చెబితే గుడ్డసంచీ మొత్తం నా చేతిలో పోసింది. పెద్దమ్మగారి చెరువుగట్టు మీద తోలిన గ్రావెల్లోంచి ఏరినవీ, నా దగ్గర గెలిచినవీ అన్నీ కలిసిపోయాయి. "ఏది నీదో నాకేం తెల్సు? ఎర్రయ్యన్నీ ఒకటే కదే!" అంది.

ఎర్రవి తొమ్మిదున్నాయి.

మా అరుగు మీద వరసగా పెట్టుకుని కూర్చున్నాను. రంగు వేషం. ముందు గాజుముక్క. నాలుగు రాళ్ళు గాజుని గీరాయి, చెకుముకి. నాది చెకుముకే అని నా నమ్మకం కాబట్టి ఆ నాలుగూ చేతిలో ఎగరేసి చూశాను. నాలుగూ బరువే, ఏదీ నాది కాదు. మిగిలిన ఐదూ కప్పు అడుగున రాస్తే ఐదూ ఎర్రగా దిగాయి. ఏడుపొచ్చింది. చివరికి ఒక్కోదాన్నీ నాలిక్కి తగిలించాను. ఒకటి నాలిక్కి అంటుకుని ఊడి రానంది. దాని మీద చెంబుతో నీళ్ళు పోశాను. నీళ్ళు జారలేదు, లోపలికి పోయాయి. మళ్ళీ పోశాను, మళ్ళీ తాగింది. తొలకరి వాసన లేచింది.

అది రాయే కాదు. ఇటుక ముక్క. నీళ్ళల్లో దొర్లి దొర్లి గుండ్రమైన ఇటుక.

లోకంలో రాళ్ళన్నీ తెలిసిన మాస్టారు ఇటుకముక్కని భరిణలో పెట్టుకుంటారా? తప్పు పట్టుకున్నానేమోనని మళ్ళీ మళ్ళీ వాసన చూశాను. అదే వాసన. లేచి వెళ్ళి, కుర్చీలో కూర్చున్న మాస్టారి ముందు చెయ్యి చాపాను. గుమ్మంలో మామ్మగారు నన్ను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నేనే తీశానండి. మామ్మగారు కాదు. ఆటలో పోగొట్టాను."

మాస్టారు దాన్ని తీసుకుని చెంపకి ఆనించుకున్నారు. తర్వాత, పరీక్షలో అడిగినట్టు, "ఎలా పట్టుకున్నావు?" అన్నారు.

"నీళ్ళు తాగిందండి."

ఆ మాటకి ఆయన ముఖం ముడుచుకుపోయింది. పెద్దమగాళ్ళు ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

"తాగాడమ్మా. ఆరోజు కూడా అలాగే తాగాడు," అన్నారు. "మన నేలలో రాయి ఎక్కడిది? కూలిపోయిన ఇళ్ళ మధ్య వెతికితే ఇదొక్కటే గుండ్రంగా దొరికింది. ఊరూరంతా ఉప్పునీళ్ళు, తాగడానికి చుక్క లేదు. బయటినుంచి లారీలో వచ్చిన నీళ్ళల్లో ఒక చెంబు వాడికోసం దాచాను. పోసినవి పోసినట్టే తాగేశాడు. పదోరోజు పోసినా అంతే. రాయి మీద నీళ్ళు పోస్తే కారిపోవాలి కదా. వీడు ఒక్క చుక్క కిందికి వదల్లేదు. ఇంకా అంత దాహంతో ఉన్నవాణ్ణి ఎలా వదిలేసి రానూ?" ఆయన ముక్కు తుడుచుకున్నారు. "ఇటుక నీళ్ళు పీలుస్తుందని ఏడో క్లాసు పిల్లలకి చెప్పినవాణ్ణి నేనే. నాకు తెలీదా? తెలిసినా కాలు కదల్లేదు."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన మామ్మగారికి చెప్పలేదు. ఆవిడ లోపలికి వెళ్ళి, మడిబిందెలో నీళ్ళు పెద్ద గిన్నె నిండా తెచ్చి, నేలమీద కూర్చున్నారు.

"ఇలా ఇవ్వండి," అన్నారు. "చుక్కా చుక్కా పోస్తే వాడికేం ఆనుతుంది? చిన్నప్పుడు కూడా చెంబు ఎత్తితే దించేవాడు కాదు."

ఆయన చేతిలోంచి తీసుకుని మెల్లిగా గిన్నెలో ముంచారు. బుడబుడమని గాలిబుడగలు లేచాయి. ముగ్గురం గిన్నె మీదికి వంగి చూస్తున్నాం. బుడగలు సన్నబడ్డాయి. ఒకటీ అరా వచ్చాయి. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు.

"ఇక తాగట్లేదు చూడండి," అన్నారు మామ్మగారు. "కడుపు నిండింది."

మాస్టారు నీళ్ళల్లోకి చూస్తూ తలూపారు. ఆరోజు ఇద్దరూ ఒక్కచోట కూర్చుని అన్నం తిన్నారు. నాకూ ఒక ముద్ద పెట్టారు, మాగాయ కలిపి.

మర్నాడు పొద్దున్నే బస్సులో పులిగడ్డ వెళ్ళాం. నన్నూ తీసుకెళ్ళారు, తెచ్చింది నేనే కాబట్టి. ఆ గిన్నె మామ్మగారి ఒళ్ళోనే ఉంది, నీళ్ళు తొణక్కుండా దారంతా పట్టుకున్నారు. మాస్టారు మోకాలిలోతు దిగి, ఇటుకని రెండు చేతుల్లో తీసుకుని నీళ్ళల్లోకి వదిలారు. ఒక్క బుడగ కూడా రాలేదు. వెనక్కి తిరిగి చూడకూడదని మామ్మగారు చెప్పారు. ముగ్గురం తిరిగి చూడకుండానే గట్టెక్కాం.

వాళ్ళిద్దరూ పోయి ఇప్పటికి చాలాకాలమైంది. ఆ రాళ్ళు, ఇల్లు అమ్మినప్పుడు కొన్నవాళ్ళు కొత్త పునాదిలో పోసేశారని విన్నాను. ఇసక లారీ వాసనకి పరిగెత్తే పిల్లలు ఇప్పుడు ఎక్కడా కనిపించరు.

పదోరోజు అందరం నాన్నకి నీళ్ళు వదిలాం. నా వంతు వచ్చింది. దోసిట్లో నీళ్ళు పోశాను. పలుగురాయి కదా, అంచులమ్మటే జారి ఇసకలో కలిసిపోయాయి. మళ్ళీ పోశాను. ఒక్క చుక్క నిలవలేదు. చాలమ్మా అన్నారు పురోహితుడుగారు.

తమ్ముడు రాయిని తీసుకుని నదిలోకి దిగబోతుంటే, "ఒక్క నిమిషం ఇలా ఇవ్వరా," అన్నాను. చెంబు నిండా నీళ్ళు తీసుకుని, నాన్నని అందులో ముంచి పట్టుకుని కూర్చున్నాను. పలుగురాయి నీళ్ళు తాగదని నాకు తెలుసు. పురోహితుడుగారు రెండుసార్లు దగ్గారు. నేను బుడగల కోసం చూస్తూ ఉన్నాను.